జంటపేరు

అలిపిరి యొద్ద మెట్ల మొదట నిలిచి యాత్రికుడు 'తిరుపతి వేంకటేశ్వరా' యని పిలిచినప్పుడు అది ఒక్క స్వామి పేరు. తెలుగు వాచకము తెఱచిన విద్యార్థికి అదే పేరు ఇద్దరు కవులది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లోను, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లోను గోదావరి సీమలో జన్మించిరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద సహాధ్యాయులైరి. వారి పేర్లను చేర్చినంతనే కొండమీది దేవుని నామము సిద్ధించినది. ఇట్టి యదృష్టము మఱే జంటకును పట్టలేదు.

జంటకవిత్వము వారితో మొదలు కాలేదు. పదునైదవ శతాబ్దిలోనే నంది మల్లయ, ఘంట సింగన కలసి 'ప్రబోధచంద్రోదయము', 'వరాహపురాణము' రచించిరి. వారు మేనమామ మేనల్లుండ్రు. కొప్పరపు కవులు సోదరులు. ఒక యింటివారు కలసి పనిచేయుటలో వింత లేదు. చదువుకొనునాటి స్నేహము చాలునని యిద్దరు తమ కవిత్వమునంతయు ఒక్క పేరున నిలుపుట సామాన్యము కాదు.

అవధాన సభను తలచుకొన్నచో ఇందలి కష్టము తెలియును. ఒకరు పద్యమెత్తుకొందురు. మొదటి పాదమున రెండవ యక్షరము పడినంతనే నాలుగు పాదములకును ప్రాస నిర్ణయమైపోవును. తరువాత అందుకొనువాడు ఆ యక్షరమునకే కట్టుబడవలెను. తనకు ముందే తోచిన చక్కని మాట అందిమడకున్న దానిని వదలుకొనవలెను. కవికి ధనము వదలుకొనుట సులభము, మాట వదలుకొనుట కాదు. ఈ త్యాగమును వారు ఏండ్ల తరబడి సభాముఖముననే చేసిరి.

పాండవోద్యోగ విజయముల పద్యములను పాడించుకొనిన పల్లెజనము 'మఱల' యనిరే గాని ఇది యిద్దరిలో నెవరిదని యడుగలేదు. ఆ ప్రశ్న తరగతి గదిలో పుట్టినది. శైలిని బట్టి విడదీయబూనిన విమర్శకులును కలరు. ఆ శ్రమ వ్యర్థము. పెదవి కదలకముందే రెండవవాని చెవిని తలచుకొని పుట్టిన పద్యమును ఎవరి పాలు చేయగలము?

అసలు చిక్కు వేఱొకటి. తిరుపతిశాస్త్రిగారు 1920లో కీర్తిశేషులైరి. వేంకటశాస్త్రిగారు ఆపై ముప్పది యేండ్లు, 1950 వఱకు, జీవించిరి. 1949లో మద్రాసు ప్రభుత్వమువారి యాస్థానకవి యైరి. ఒంటరిగా వ్రాసిన గ్రంథములను సైతము జంటపేరుతోనే ప్రకటించిరి. చరిత్రకారుడు దీనికి ఆక్షేపణ చెప్పవచ్చును. లేని వానికి కర్తృత్వ మంటగట్టుట సత్యమగునా? ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను వేంకటశాస్త్రిగారి పలుకుబడియే ఆ స్నేహమున తయారైనది. ఆ పేరు తీసివేసినచో అది మఱొక యసత్యమై యుండెడిది.

వారి శిష్యులు పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు గార్లు 'సౌందరనందము'ను జంటగా వ్రాసిరి. విడివిడిగా వ్రాసినప్పుడు విడి పేర్లే పెట్టుకొనిరి. అదియు న్యాయమే. లక్ష్మీకాంతముగారు అలిపిరికి అనతిదూరముననున్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున కొంతకాలము ఆచార్యులుగా నుండి, జంటకవుల శిష్యుడు పాఠము చెప్పగా వినుభాగ్యమును ఈ సీమ విద్యార్థులకు కలిగించిరి.

'కవిని గూర్చి వ్రాయుము' అని ఏకవచనమున ప్రశ్న యిచ్చుట మన పరీక్షాపత్రముల యలవాటు. తిరుపతి వేంకట కవుల పాఠము వచ్చినప్పుడైనను ఆ వచనము మార్చవలెను. కృతుల పట్టికలో ప్రతి గ్రంథము ప్రక్కను అది 1920కి ముందుదో తరువాతిదో గుర్తింపవలెను; జంటపేరును మాత్రము అట్లే యుంచవలెను.