ఒడ్డున ఎదురుచూసిన ఆడవాళ్ళెవరు?

రోజంతా దీవుల చుట్టూ తిప్పే పడవ టిక్కెట్టు కొంటే మనకి సముద్రం చూపిస్తారు, ఈతకొట్టడానికి రెండుమూడు చోట్ల ఆపుతారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. టిక్కెట్టు మీద రాయకపోయినా పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంకొకటి కూడా అందిస్తారు. అది మైకులో చెప్పే కథ. దీవి ఎలా పుట్టింది, దాన్ని ఎవరు ఏలారు, ఎవరు ఎవరిని ప్రేమించారు అన్నీ అందులోనే ఉంటాయి. దిగి వెళ్ళిపోయిన వాళ్ళు ఊళ్ళో నలుగురికీ చెప్పేదీ, మన పత్రికల్లో యాత్రాకథనాలుగా అచ్చయ్యేదీ కూడా చాలావరకు ఆ కథే. దాని మీదే నా పేచీ.

నేను మాట్లాడుతున్నది ఎయోలియన్ దీవుల గురించి. ఇటలీలో సిసిలీకి ఉత్తరాన, టిర్హేనియన్ సముద్రంలో ఉంటాయి. లిపారి, వుల్కానో, సలీనా, పనారియా, స్ట్రాంబోలి, ఫిలికూడి, అలికూడి - మొత్తం ఏడు. అన్నీ సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతాలే. 2000లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా చెల్లెలి కూతురు మిలాన్‌లో చదువుకుంటోంది. దాని దగ్గరికెళ్ళినప్పుడు ఇద్దరం లిపారి వెళ్ళి, అక్కణ్ణించి సలీనా, పనారియా, స్ట్రాంబోలి తిప్పి రాత్రికి వెనక్కి తెచ్చే పడవెక్కాం. వంద మందికి పైగా ఉన్నాం. సగం మంది ఆడవాళ్ళమే.

మైకులో ఆడవాళ్ళ ప్రస్తావన రాలేదని అనను. చాలాసార్లే వచ్చింది. ముందు గాలులకు అధిపతి ఎయోలస్, నిప్పుకు అధిపతి వుల్కన్, వాళ్ళ వెంట జలకన్యలు. తర్వాత రాత్రిపూట ఒళ్ళంతా ఏదో పూసుకుని గాల్లో ఎగిరిపోయే అలికూడి మంత్రగత్తెలు. అందరూ నవ్వారు. ఆ తర్వాత అసలు ఘట్టం, సినిమాతార ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ ప్రేమకథ. జలకన్య, మంత్రగత్తె, ప్రేయసి. రోజు మొత్తం మీద ఆడమనిషికి దొరికిన వేషాలు ఈ మూడే. ఏదైనా పనిచేస్తున్న ఆడమనిషి ఒక్కతీ కనబడలేదు.

అందుకే పనారియా దగ్గర పడవ ఆగినప్పుడు గైడుని అడిగాను, ఈ దీవుల్లో ఆడవాళ్ళు చేపలు పట్టేవాళ్ళా అని. అతను మర్యాదస్తుడే. నవ్వి, చేపలవేట మగవాళ్ళ పని అనీ, ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ప్రార్థనలు చేస్తూ ఎదురుచూసేవాళ్ళనీ చెప్పాడు. చాలా అందమైన బొమ్మ. నల్లబట్టలు, గాలికి ఎగిరే తలగుడ్డ, సముద్రంకేసి చూపు. పోస్టుకార్డు మీద వేసుకోవచ్చు. కానీ నిజం కాదు.

మక్రీనా మరిలేనా మఫేయి అనే ఇటాలియన్ మానవశాస్త్రవేత్త ఈ దీవుల్లో ఊరూరూ తిరిగి వృద్ధ స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ జ్ఞాపకాలని రికార్డు చేసింది. వాళ్ళు తెడ్లు వేసిన వాళ్ళు. వలలు వేసి లాగిన వాళ్ళు. చిన్నపిల్లలప్పుడే తండ్రుల వెంట పడవెక్కి, పెళ్ళయ్యాక భర్తల వెంట ఎక్కి, కడుపుతో ఉన్నప్పుడు కూడా సముద్రం మీదికి వెళ్ళిన వాళ్ళు. ఒడ్డుకొచ్చాక ఇంటిపనీ, పొలంపనీ, పిల్లల పనీ వాళ్ళదే. ఒక్క రోజులో రెండు మూడు రోజుల చాకిరీ. అయినా వాళ్ళని జాలరులని ఎవరూ అనలేదు. ‘భర్తకు సాయంగా’ వెళ్ళారన్నారు. ఈ ‘సాయం’ అనే మాట మనకి కొత్తదా? పొలంలో పొద్దున్నుంచి సాయంత్రందాకా నడుం వంచినా రైతు అంటే మొగుడే, ఆవిడ సాయం చేస్తుందంతే. శ్రమని మాయం చేయడానికి ఇంతకంటే మర్యాదైన మాట ఏ భాషలోనూ లేదేమో!

ఇంక పడవ వెళ్ళిన దారినే మళ్ళీ ఒకసారి చూద్దాం.

లిపారి దాటుతుంటే తెల్లగా మెరిసే కొండ చూపించారు. అది ప్యూమిస్ రాయి. తవ్వకాలు 2007లో ఆగిపోయాయి. ఇప్పుడది ఫొటోలు తీసుకునే చోటు, కింద నీళ్ళు ఈతకొలనులా నీలంగా ఉంటాయి. ఆ తెల్లధూళిలో ఒకప్పుడు ఆడవాళ్ళు రాయిని గంపలకెత్తుకుని నెత్తిన మోశారు. మైకులో ‘ప్రకృతి వింత’ అన్నారు. నెత్తి మీద గంప సంగతి ఎత్తలేదు.

సలీనాలో భోజనం పెట్టారు. టమాటాలు, నూనె, మధ్యలో పుల్లపుల్లగా, ఉప్పుగా చిన్న చిన్న ఆకుపచ్చ గింజల్లాంటివి. అవి గింజలు కావు, మొగ్గలు. కేపర్ అనే పొద మొగ్గలు, ఉప్పులో ఊరేస్తారు. మల్లెమొగ్గల్లాగే విచ్చుకోకముందే కోయాలి. వేసవంతా తెల్లవారుజామునే లేచి, నేలబారు పొదల మీద వంగి, ఒక్కొక్క మొగ్గా గిల్లాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పని ఎక్కువగా చేసింది ఆడవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ద్రాక్షతోటలకు తెగులొచ్చి నాశనమైతే జనం గుంపులు గుంపులుగా అమెరికాకీ, తర్వాత ఆస్ట్రేలియాకీ వలసపోయారు. చాలా ఇళ్ళలో ముందు వెళ్ళింది మగవాళ్ళు. దీవి ఖాళీ అయిపోయిందని చెప్తారు. ఖాళీ అవలేదు, ఆడవాళ్ళు ఉన్నారు. భర్త బతికే ఉన్నా విధవల్లాగే సంసారం ఈదిన అలాంటి వాళ్ళకి దక్షిణ ఇటలీలో ‘తెల్ల విధవలు’ అని పేరు. సలీనాలోని మాల్ఫా ఊళ్ళో వలసలకి మ్యూజియం ఉంది. మా పడవ అక్కడ ఆగలేదు. ఒక సినిమా తీసిన సముద్రతీరం దగ్గర మాత్రం ఫొటోల కోసం ఆగింది.

పనారియాలో, మేం ఈతకొట్టిన గుడ్డుగుడ్డు రాళ్ళ ఒడ్డుకి పైన, మూడువేల ఏళ్ళు దాటిన కంచుయుగపు గ్రామం పునాదులున్నాయి. ఈ దీవుల పురాచరిత్రని తవ్వి బయటపెట్టింది ఇద్దరు. ఒకరు లుయిజీ బెర్నాబో బ్రెయా. రెండోవారు మదలేన్ కవాల్యే అనే ఫ్రెంచి స్త్రీ. దశాబ్దాల తరబడి కలిసి తవ్వారు, కలిసి పుస్తకాలు రాశారు, లిపారి మ్యూజియాన్ని కలిసి నిలబెట్టారు. ఆ మ్యూజియానికి మాత్రం బెర్నాబో బ్రెయా ఒక్కడి పేరే పెట్టారు. మైకులో వినిపించిందీ ఆ ఒక్క పేరే.

లిపారి గురించి మగవాళ్ళ సాహసగాథ ఒకటి కూడా చెప్పారు. ముస్సోలినీ తన ప్రత్యర్థుల్ని ఈ దీవికి పంపి నిర్బంధించేవాడు. 1929 జులైలో ఒక రాత్రి కార్లో రోస్సెల్లి, ఎమిలియో లుస్సు, ఫౌస్తో నిత్తి అనే ముగ్గురు మోటారు పడవలో తప్పించుకుపోయారు. నిజంగానే గొప్ప సంఘటన. కానీ ఆ ఏర్పాట్లలో రోస్సెల్లి భార్య మారియన్ కేవ్‌కి పెద్ద పాత్ర ఉంది. ఆమె ఇంగ్లండు నుంచి వచ్చిన స్త్రీ, తనంతట తానుగా ఫాసిస్టు వ్యతిరేకి. భర్త తప్పించుకున్నాక పోలీసులు ఆమెని అరెస్టు చేశారు. అప్పటికి గర్భవతి. ఇంగ్లండు పత్రికల్లో గోల అయ్యాక వదిలారు. ఆ కడుపులో ఉన్న పిల్ల 1930లో పారిస్‌లో పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు ఇటాలియన్ కవిత్వంలో పెద్ద పేరయిన అమేలియా రోస్సెల్లి ఆమే. పారిపోయిన ముగ్గురి పేర్లు చెప్పినవాళ్ళకి, పట్టుబడిన ఆమె పేరు చెప్పడానికి ఎంత సమయం పడుతుంది?

చీకటిపడేసరికి స్ట్రాంబోలి చేరాం. బెర్గ్‌మన్ ఘట్టానికి వేదిక ఇదే. 1949లో రోబెర్తో రోస్సెల్లిని ఇక్కడ సినిమా తీశాడు, ఆమె నాయిక. ఇద్దరికీ వేరే పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరూ ప్రేమలో పడ్డారు, వాళ్ళున్న ఎర్రరంగు ఇల్లు ఇప్పటికీ చూపిస్తారు. ఆ తర్వాత ఏమయిందో మాత్రం చెప్పరు. 1950 ఫిబ్రవరిలో బిడ్డ పుట్టాడు. మార్చిలో అమెరికన్ సెనేట్‌లో ఎడ్విన్ జాన్సన్ అనే సభ్యుడు లేచి ఆమె నడవడిక మీద ఉపన్యాసం దంచాడు. హాలీవుడ్ ఆమెని కొన్నేళ్ళపాటు వెలివేసింది, పెద్దకూతురు ఆమెకి దూరమైంది. 1972లో గానీ అదే సెనేట్‌లో మరో సభ్యుడు ఆమెకి క్షమాపణ చెప్పలేదు. రోస్సెల్లిని మీద ఏ చట్టసభలో ఎవరు ఉపన్యసించారు? ఒక స్త్రీని అంత చెండుకుతిన్న సంగతిని ‘అందమైన ప్రేమకథ’ అని మైకులో అమ్ముతుంటే ఎలా ఊరుకోవాలి?

ఆ సినిమా మన గైడు చెప్పిన బొమ్మకి పుట్టిల్లు కూడా. అందులో ఊరి ఆడవాళ్ళు నల్లబట్టల్లో పరాయి స్త్రీని అనుమానంగా చూస్తుంటారు. ట్యూనా చేపల వేట దృశ్యంలో సముద్రమంతా మగవాళ్ళ కండలే. సినిమాలో కనబడని పని లోకంలోనే జరగలేదని తర్వాతి తరాలు నమ్మాయి.

స్ట్రాంబోలి కొండని అక్కడివాళ్ళు పేరుపెట్టి పిలవరు, ‘ఇద్దు’ అంటారు. సిసిలీ మాటలో ‘ఆయన’ అని అర్థం. వినగానే నాకు నవ్వొచ్చింది. పేరు చెప్పకుండా ‘ఆయన’ అంటే ఎవరో మన అమ్మమ్మలకి విడమర్చి చెప్పాలా? ఆయన కోపమొస్తే ఉరుముతాడు, ఊరంతా ఆయన మూడ్ చూసి నడుచుకోవాలి. పడవ దీపాలార్పేసి నిప్పురవ్వలు ఎగిసినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టారు. నిప్పు అద్భుతంగానే ఉంది, కాదనను. ఆయన పక్కన పొయ్యి వెలిగించి, ద్రాక్ష నాటి, తెడ్డు వేసి శతాబ్దాలు బతికించిన వాళ్ళ కోసం కూడా ఒక నిమిషం మైకు ఇస్తే ఏం పోయింది?

ఇది ఇటలీ జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. మనకీ పడవ మీద వెళ్ళి చూసే దీవి ఉంది, నాగార్జునకొండ. సాగర్ డ్యాము కింద లోయ మునిగిపోతుందని తవ్వి తీసిన అవశేషాలని కొండమీదికి చేర్చారు. అక్కడ నేను విన్న గైడు ఆచార్య నాగార్జునుడి గురించీ, ఇక్ష్వాకు రాజుల గురించీ చెప్పాడు. ఆ రాజులు యజ్ఞాలు చేసుకుంటుంటే, బౌద్ధ కట్టడాలకు దానాలిచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ఆ ఇంటి ఆడవాళ్ళని శాసనాలే చెప్తున్నాయి. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఉపాసిక బోధిసిరి చైత్యగృహం కట్టించింది. రాతిమీద పేరు చెక్కించుకున్నా మైకులోకి రాలేకపోయారు. ఇంక చెక్కించుకోలేని కేపర్ కోతగత్తెల మాటేమిటి?

పడవ దిగుతుంటే మా పిల్ల అడిగింది, “పెద్దమ్మా, సెలవుకొచ్చి కూడా క్లాసేనా? జనం ఎండలో పడుకోడానికొస్తారు, చరిత్ర వినడానిక్కాదు” అని. ఇలాగే అనేవాళ్ళు చాలామంది ఉంటారు. అయితే మైకు ఆ రోజంతా ఊరుకోలేదు కదా! ఎయోలస్ నుంచి రోస్సెల్లిని దాకా చరిత్రే చెప్పింది. విశ్రాంతికి అడ్డం రాని చరిత్ర మగవాళ్ళదీ, అడ్డమొచ్చేది ఆడవాళ్ళదీ ఎందుకవుతోంది? అదే మాట దాన్ని అడిగాను. కాసేపు ఆలోచించి, “అయితే గైడుని ఇటాలియన్‌లో మళ్ళీ నేనడుగుతానుండు” అంది. అడిగింది కూడా. ఈసారి అతను కొంచెం తటపటాయించి, తన నాయనమ్మకి తెడ్డు వేయడం వచ్చని చెప్పాడు. మైకులో మాత్రం కాదు, పక్కకొచ్చి, చిన్నగా.

అంటే కథ అతనికి తెలియక కాదు. నాయనమ్మ తెడ్డు వేయడం అతని దృష్టిలో కథ కాదు, అంతే. ఆమె చేసింది పని అనీ, ఆ పని ఈ దీవి చరిత్ర అనీ అతనికెవరూ నేర్పలేదు. నేర్పాల్సింది డబ్బిచ్చి పడవెక్కేవాళ్ళమే. అడిగేవాళ్ళుంటే చెప్పేవాళ్ళు మారతారు. యాత్రలు చేస్తున్న, యాత్రాకథనాలు రాస్తున్న స్త్రీలు ఇవాళ మనలో ఎంతోమంది ఉన్నారు. నీలం నీళ్ళూ, సూర్యాస్తమయమూ రాయండి, వద్దనను. కానీ మీరు తిన్న మొగ్గ ఎవరు కోశారో, మీ పడవ తిరిగిన నీళ్ళలో ఒకప్పుడు తెడ్డు ఎవరు వేశారో కూడా అడిగి తెలుసుకుని రాయండి. ‘ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు’ అని ఎవరైనా అంటే, ఆ మాటని అక్కడే ఆపి, ఒక్క నాయనమ్మ పేరైనా చెప్పమనండి.