ఐ7 అన్న పేరు కాదు, బోర్డు చూసి పైసలు పెడదాం

పోస్టు కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

మొన్న ఒక తమ్ముడు ఇక్కడ అడిగిండు: "అన్నా, పద్నాలుగు వేలకు ఐ7 కంప్యూటర్ ఇస్తమంటున్నరు, తీసుకోవాల్నా?" కింద చాలామంది "ఐ7 అంటే టాప్, కళ్లు మూసుకొని తీస్కో" అని రాసిండ్రు. ఆ ఐ7 ఎన్నో జనరేషన్‌ది అని మాత్రం ఒక్కరూ అడగలే. మేము అడుగుతున్నం. ఎందుకంటే మూడేండ్ల కింద మేము కూడా కళ్లు మూసుకొనే తీసుకున్నం.

మేము ఉట్నూరు చుట్టుపక్కల గూడేల నుంచి హైదరాబాద్ వచ్చి ఒకే రూములో ఉంటున్న ఐదుగురం. ఒకరి స్కాలర్‌షిప్, ఒకరింట్ల పత్తి అమ్మిన పైసలు, ఇంకొకరి అమ్మ తునికాకు ఏరిన పైసలు కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నం. కొత్త క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు, మీద ఐ7 స్టిక్కర్. ఆ రోజు మా సంబురం చూడాల్సింది.

వారం తిరగకముందే తెలిసొచ్చింది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే ఫ్యాన్ మోత తప్ప పని ముందుకు పోదు. మా గూడెం దండారి వీడియో ఎడిట్ చేద్దామంటే ప్రతి కట్‌కూ ఆగిపోతది. చివరికి లోపల ఏమున్నదో చూస్తే ఐ7-2600. అది 2011లో వచ్చిన ప్రాసెసర్. దాని కింద హెచ్61 బోర్డు, అందుల డీడీఆర్3 ర్యామ్.

సరే, ప్రాసెసర్ మారుద్దామని పోయినం. ఆ బోర్డుకు రెండో జనరేషన్, మూడో జనరేషన్ తప్ప వేరేది పట్టదన్నరు. కొత్త ర్యామ్ ఆ స్లాట్‌లో కూర్చోదు. ఎం.2 ఎస్ఎస్‌డీ పెట్టే చోటే లేదు. అంటే క్యాబినెట్, మానిటర్ తప్ప అన్నీ మళ్లీ కొనాల్సిందే. అమ్మిన దుకాణానికి పోతే వాపస్ తీసుకోమన్నరు. నిజం చెప్పాలంటే వాళ్లు అబద్ధం ఆడలే. అది ఐ7నే. అడగాల్సిన ప్రశ్న మేమే అడగలే.

అందుకే మా మాట ఒక్కటే. తక్కువ పైసలున్నోళ్లం మనం, పేరు చూసి కొంటే రెండుసార్లు కొనాల్సి వస్తది. ముందు బోర్డు చూడాలి, తర్వాతే ప్రాసెసర్.

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ జనరేషన్‌లో చిన్నదా పెద్దదా అని చెప్తయి, అంతే. అసలు సంగతి ఆ తర్వాతి నంబర్లో ఉంటది. ఐ7-2600లో 2 అంటే రెండో జనరేషన్. ఐ3-12100లో 12 అంటే పన్నెండోది, 2022లో వచ్చింది. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ ఒక్కో కోర్ చేసే పని చూస్తే ఆ "చిన్న" ఐ3 ఈ "పెద్ద" ఐ7 కంటే సుమారు రెట్టింపు వేగం. పైగా విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబర్‌లో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి చూడాలి. ఏఎండీ రైజెన్‌లో 3000 సిరీస్ నుంచి తీసుకుంటే భయం లేదు.

ఇక బోర్డు. కాడి కొలతను బట్టే ఎడ్లను కడతం కదా, బోర్డు మీది సాకెట్ కూడా అంతే. ఏ ప్రాసెసర్ పట్టాలో అదే తేలుస్తది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 జనరేషన్లకు పనిచేసింది. 2024లో కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో పాటు సాకెట్ మార్చేసిండ్రు. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద రైజెన్ 2017లో వచ్చింది. అప్పటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసి 5000 సిరీస్ దాకా పెట్టుకున్నోళ్లు ఉన్నరు. 2022లో ఏఎం5 వచ్చింది, కనీసం 2027 దాకా దాన్ని నడుపుతమని ఏఎండీ చెప్పింది. కాకపోతే దానికి డీడీఆర్5 ర్యామే కావాలె, అది ఖరీదు.

మరి ఏది తీసుకోవాలె? ఇయ్యాల చేతిల ఉన్న పైసలతోనే అయిపోవాలె అనుకుంటే రైజెన్ 5 5600జీ, బీ550 బోర్డు మంచి జోడీ. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటది. మేము పోయినేడు ఇదే తీసుకున్నం. లేదా ఐ3-12100, హెచ్610 బోర్డు. రేపు పైసలొస్తే అదే బోర్డులో ఐ5 పెట్టుకోవచ్చు. కొంచెం ఎక్కువ పెట్టగలిగి, నాలుగైదేండ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామంటే ఏఎం5 మేలు.

ఒక మోసకారి అక్షరం కూడా ఉంది. ఇంటెల్ నంబర్ చివర 'ఎఫ్' ఉంటే, ఉదాహరణకు ఐ3-12100ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు. చౌక అని తెస్తే స్క్రీన్ మీద బొమ్మే రాదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి. రైజెన్‌లో మామూలు 5600కు కూడా అంతే, చివర 'జీ' ఉన్నదే మనకు కావాల్సింది. జీ తీసుకుంటే ఒకే 16 జీబీ ర్యామ్ కాకుండా రెండు 8 జీబీలు వేసుకోండి, గ్రాఫిక్స్ మెరుగ్గా నడుస్తది.

"మనకు పాతది దొరుకుడే ఎక్కువ, ఇవన్నీ ఎక్కడ చూస్తం?" అని కొందరు అంటరు. పాతది కొనుడు తప్పు కాదు, మేము కూడా కొంటం. ఏం పాతదో తెలువకుండ కొనుడే తప్పు. "ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా నడుస్తది కదా" అనేటోళ్లది కూడా నిజమే. హాస్టల్ నుంచి హాస్టల్‌కు తిరిగేటోళ్లకు అదే మంచిది. కానీ నలుగురు కలిసి వాడుకునేదైతే డెస్క్‌టాపే నయం. ఒక భాగం పోతే ఆ భాగమే మార్చుకుంటం. గూడెంలో పెట్టేటట్టయితే యూపీఎస్, ఎర్తింగ్ మాత్రం మరువద్దు. క్యాబినెట్‌తో ఉత్తగ ఇచ్చే ఎస్ఎంపీఎస్‌ను నమ్మొద్దు.

పైసలు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ప్రాసెసర్ పూర్తి నంబర్ ఏంది? బోర్డు మోడల్ ఏంది? ర్యామ్ డీడీఆర్ ఎంత? ఆ బోర్డు మోడల్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఏ ప్రాసెసర్లు పడతాయో, దేనికి ఏ బయోస్ వెర్షన్ కావాలో లిస్టు ఉంటది. సాకెట్ ఒకటే అయినా బయోస్ పాతదైతే స్టార్ట్ కాకపోవచ్చు. అప్‌డేట్ చేసి, ఆన్ చేసి చూపియ్యమని అడగండి. అడగనీకి సిగ్గుపడొద్దు. పెద్ద దుకాణాల్లో ఇంగ్లిషులో మాట్లాడేటోళ్ల ముందు మనం తలకాయ ఊపి వచ్చేస్తం. మేము కూడా ఊపినం, ఆ తల ఊపుడుకే పైసలు పోయినయి.

మా పాత ఐ7 సంగతి అడుగుతరేమో. దాన్ని పారేయలే. లినక్స్ వేసి, చిన్న ఎస్ఎస్‌డీ తగిలించి మా గూడెంలో పెట్టినం. పిల్లలు తెలుగు టైపింగ్ నేర్చుకుంటున్నరు. ఆ పనికి అది చాలు. మేము దాన్ని వేరే పనికి, వేరే ధరకు కొన్నం, అదే బాధ.

తమ్ముడూ, నువ్వు ఇంకా పైసలు కట్టకపోతే ఆ ఐ7 నంబర్, బోర్డు ఫోటో ఇక్కడ పెట్టు. మేము చూసి చెప్తం. హైదరాబాద్‌లో కొనేటట్టయితే ఆదివారం తప్ప ఏ రోజైనా మాలో ఒకరం నీ వెంట వస్తం.