రాయి వస్తాదని చదువు మానేస్తామా?



సెలవులకి ఇళ్లకెళ్లి వచ్చినప్పటి నుండి మన హాస్టల్లో ఒకటే మాట. "2029లో ఆకాశం నుండి పెద్ద రాయి పడతాదట, భూమి పోతాదట. మరి ఈ సదువులెందుకే?" అని. ఎవరో ఫోన్లో చూశారట. పెద్ద తరగతుల వాళ్లు నవ్వులకి అంటున్నారు. చిన్నపిల్లలు మాత్రం నిజమనుకొని ఇంటికెళ్లిపోతామని ఏడుస్తున్నారు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మనలాంటి ఇళ్లలో ఆడపిల్ల ఒకసారి బడి మానేస్తే మళ్లీ రావడం ఎంత కష్టమో మనకి తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రాయి పేరు అపోఫిస్. అది గ్రహశకలం, అంటే సూర్యుని చుట్టూ తిరిగే రాయి. అడ్డంగా సుమారు 340 మీటర్లు. 2029 ఏప్రిల్ 13న భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల దూరంలో వెళ్తుంది. చంద్రుడు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కాబట్టి దగ్గరగా వస్తుందన్న మాట నిజం. తగులుతుందన్నది అబద్ధం. రాడార్‌తో దాని దారి కొలిచి, కనీసం వందేళ్ల వరకు ప్రమాదం లేదని నాసా 2021లోనే చెప్పింది.

ఇంకో సంగతి. 2020 ఆగస్టు 16 ఆదివారం, మన టైము ఉదయం తొమ్మిదిన్నర దాటాక, ఒక చిన్న రాయి హిందూ మహాసముద్రం మీద 2,950 కిలోమీటర్ల ఎత్తున పోయింది. పేరు 2020 క్యూజీ. సీతంపేట సంతకొచ్చే జీపంత ఉంటుంది. అంత చిన్నది పడినా చాలావరకు గాలిలోనే మండిపోతుంది. సూర్యుని వైపు నుండి రావడంతో ముందు ఎవరికీ కనబడలేదు. దాటిపోయిన ఆరు గంటలకి అమెరికాలోని ఒక దూరదర్శిని తీసిన ఫోటోలో గీతలాగ పడింది. ఆ గీతని మొదట గుర్తుపట్టింది పెద్ద శాస్త్రవేత్త కాదు. బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థి కునాల్ దేశ్‌ముఖ్.

అంటే ఏమిటి? చూసేవాళ్లుంటేనే రాయి సంగతి తెలుస్తుంది. చూడాలంటే చదవాలి. రాయి వస్తాదని చదువు మానడం, వాన వస్తాదని ఇంటి కప్పు తీసేసినట్టే.

"ఇది పరీక్షల్లో రాదు కదా" అంటారేమో. మార్కులకి రాకపోయినా భయానికి మందు ఇదే. మన తాతలు పిల్లలకోడి చుక్కల్ని చూసి రాత్రి ఎంతయిందో చెప్పేవారు. ఆకాశం మనకి కొత్త కాదు. పట్నాల్లో లైట్ల వెలుగుకి చుక్కలే కనబడవు. మన కొండల్లో ఆకాశం నిండా ఉన్నాయి.

అందుకని వార్డెన్ మేడమ్‌ గారికి రెండు విన్నపాలు. నెలకొకసారి అమావాస్య రోజు, భోజనాలయ్యాక అరగంట లైట్లు ఆర్పి, సిమెంటు స్టేజీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి చుక్కలు చూడనివ్వండి. పురుగూ పుట్రా భయం ఉండదు. రెండోది, ఐ.ఏ.ఎస్.సి. అనే సంస్థ హవాయి దీవుల్లోని దూరదర్శిని ఫోటోల్ని బడిపిల్లలకి ఉచితంగా ఇచ్చి గ్రహశకలాల్ని వెతకమంటుంది. మన కంప్యూటర్ మీద మాకూ ఆ అవకాశం ఇప్పించండి.

చెల్లెళ్లారా! ఇంటికి పోతామని పెట్టె సర్దుకోకండి. రాత్రికి చుక్కలు చూద్దాం, తెల్లారి బడికెళ్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని