అసమాపక ధ్వనులు



"రాముడు అడవికి వెళ్ళి, మృగాన్ని చూచి, విల్లు ఎక్కుపెట్టి..." అని ఆగిపోతే అది వాక్యం కాదని ఆరవ తరగతి విద్యార్థికీ తెలుసు. సమాపక క్రియ కోసం చెవి ఎదురుచూస్తూనే ఉంటుంది. ధ్వనిఫైళ్ళను చదివి వ్రాసే లైబ్రరీలకూ ఇదే న్యాయం వర్తిస్తుందని నా అభిప్రాయం. తెరవడం, వ్రాయడం అసమాపకాలు. మూయడమే సమాపకం.

ఇంత పట్టింపు దేనికంటారా? వేవ్ ఫైలు నిర్మాణాన్ని చూడండి. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు వెలువరించిన ఈ పద్ధతిలో సాధారణంగా మొదటి 44 బైట్లు పీఠిక. ధ్వని పరిమాణాన్ని ఆ పీఠికలోనే రెండు చోట్ల తెలపాలి. రికార్డింగు మొదలయ్యే వేళ ఆ సంఖ్య ఎవరికి తెలుసు? అందుచేత లైబ్రరీ అక్కడ తాత్కాలికంగా ఒక అంకె, తరచుగా సున్న, వేసి ముందుకు సాగుతుంది. మూసేటప్పుడు వెనుకకు వచ్చి అసలు సంఖ్యను నింపుతుంది. గ్రంథం పూర్తయ్యాక ముందుమాట వ్రాసినట్లన్నమాట.

ఆ చివరి పని జరగకపోతే? సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, రెండు చానళ్ళ లెక్కన 20 నిమిషాల పద్యపఠనం 21 కోట్ల బైట్లు దాటుతుంది. అదంతా డిస్కు మీద భద్రంగానే ఉంటుంది. పీఠిక మాత్రం సున్న అంటుంది. పీఠికను నమ్మే ప్లేయరు "ఇందులో ఏమీ లేదు" అని చూపుతుంది. ఆ మాట నమ్మి ఇంటివారు ఫైలును చెరిపివేస్తే, ఇక మళ్ళీ వినలేని ఒక వృద్ధ పౌరాణికుని కంఠం శాశ్వతంగా పోయినట్లే.

"ప్రోగ్రాము ముగిసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమే అన్నిటినీ మూస్తుంది కదా!" అనే వాదం ఒకటుంది. మూస్తుంది, నిజమే. కానీ దానికి తలుపు వేయడమే తెలుసు. పీఠికలో ఏ అంకె ఎక్కడ ఉండాలో తెలియదు. ఆ జ్ఞానం లైబ్రరీది, కనుక బాధ్యతా దానిదే.

మరి మూయవలసినది ఎవరు? దీనికీ వ్యాకరణమే సమాధానం చెబుతుంది. "తెరచి, వ్రాసి, మూసెను" అన్నప్పుడు మూడు క్రియలకూ కర్త ఒక్కడే. క్త్వార్థకానికి పాణిని పెట్టిన నియమమూ ఈ సమానకర్తృకత్వమే. పైథాన్‌లోని వేవ్ మాడ్యూలు అచ్చంగా ఇలాగే నడుచుకుంటుంది. ఫైలు పేరు ఇస్తే తానే తెరుస్తుంది, తానే మూస్తుంది. మనం ముందే తెరచిన ఫైలును చేతికిస్తే పీఠికను సరిదిద్ది, ఫైలును మూయకుండా మనకే వదిలిపెడుతుంది. దాని లోపల ఈ సంగతిని గుర్తుపెట్టుకునే చలరాశి పేరే "ఐ ఓపెన్డ్ ద ఫైల్"! ఎరిక్ డి కాస్ట్రో లోపో ప్రారంభించిన లిబ్‌ఎస్‌ఎన్‌డీఫైల్ మరో దారి పట్టింది: తెరచిన ఫైలు సంఖ్యను ఇచ్చేటప్పుడే, చివర దానిని మూయాలా వద్దా అని మనచేతనే చెప్పిస్తుంది. రెండూ మర్యాదగల పద్ధతులే. ఏదీ తేల్చకపోవడమే అమర్యాద.

కాబట్టి మూతలో దోషాన్ని సవరించామనేవారు పరీక్షలు కూడా చూపాలని నా మనవి. వ్రాసి మూసిన ఫైలును మళ్ళీ తెరచి, వ్రాసినన్ని నమూనాలూ ఉన్నాయో లేవో లెక్కించాలి. మనం తెరచి ఇచ్చిన ఫైలు ఆ తరువాత కూడా తెరచే ఉన్నదేమో చూడాలి. రెండుమార్లు మూసినా ప్రమాదం రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, వేవ్ కాని ఫైలును వేవ్ అని చెప్పి ఇవ్వాలి. లైబ్రరీ దానిని తిరస్కరించడం చాలదు, తాను తెరచినదాన్ని మూసి మరీ తిరస్కరించాలి. ఒక్క ఫైలు మిగిలిపోతే నష్టం కనబడదు. వేల ఫైళ్ళను వరుసగా చదివే పనిలో అయితే, లినక్సులో సాధారణంగా ఉండే 1,024 పరిమితి నిండగానే మంచి ఫైలు కూడా తెరుచుకోదు.

తెరచేవేళ ఉత్సాహం అందరికీ ఉంటుంది. లైబ్రరీ యోగ్యత మూసేవేళ తెలుస్తుంది. మీలో లైబ్రరీలు వ్రాసేవారు అనేకులున్నారు. ఈ ముసలి పంతులు మాటను ఒకసారి పరీక్షకు పెట్టి చూడండి.

సెలవు.