క్యాంపుకి ఏ కట్టెల పొయ్యి? మన అడవిని చూసి కొందాం



చలికాలం వస్తే లంబసింగి, వంజంగి కొండల మీద ఎటు చూసినా టెంట్లే. మన కుర్రాళ్లు గైడ్లుగా వెళ్తూ, టెంట్లు అద్దెకిస్తూ నాలుగు డబ్బులు చూస్తున్నారు. సంతోషమే. కానీ టెంటు ముందు మంట అనేసరికి దుంగలు కావాలి. రాత్రంతా దుంగలు కాల్చి వండేది ఒక గిన్నె అన్నం, ఒక కూర. రేపు కొండ బోడిదైతే "గిరిజనులే నరికేశారు" అనే మాట ఎవరి మీదకొస్తుందో వేరే చెప్పాలా? అందుకే వంటకి పెద్ద మంట మానేసి, వెంట మోసుకెళ్లే చిన్న కట్టెల పొయ్యి వాడదాం అంటున్నాం.

మరి ఏది కొనాలి? ఆన్‌లైన్లో ముందు బరువెన్ని గ్రాములో చెబుతారు. మనం ముందు చూడాల్సింది ఎంతమందికి వండాలి, ఎలాంటి పుల్ల దొరుకుతుంది అన్నది.

ఒకరిద్దరు నడిచి వెళ్లేటప్పుడు రెండు గోడల స్టీలు పొయ్యి చాలు. చూడ్డానికి డబ్బాలా ఉంటుంది. కింది కన్నాల్లోంచి వెళ్లిన గాలి రెండు గోడల మధ్య వేడెక్కి, పై కన్నాల్లోంచి లోపలికొచ్చి పొగని మండిస్తుంది. అందుకే పొగా మసీ తక్కువ. వేలు లావు ఎండు పుల్లలు సరిపోతాయి, గొడ్డలితో పనే లేదు. పుల్లలు పై కన్నాలు దాటేలా నింపితే మాత్రం పొగ కక్కుతుంది.

మడతపెట్టే రేకుల పొయ్యి బ్యాగులో పుస్తకంలా ఇమిడిపోతుంది, కానీ ఒకే గోడ కాబట్టి పొగ ఎక్కువ. టైటానియంది తేలిక, ధర మాత్రం బరువు. మనకి స్టీలు చాలు. ఫ్యాను ఉన్నవి బాగానే మండుతాయి గానీ, అది పాడైతే మన సంతలో రిపేరు చేసేదెవరు?

పదిమందికి వండాలంటే ఈ డబ్బాలు పనికిరావు. పెద్ద గిన్నె పెడితే ఒరిగిపోతుంది. అక్కడ రాకెట్ పొయ్యి మేలు. 'ఎల్' అక్షరంలా గొట్టం ఉంటుంది, పక్క నుంచి పుల్లలు తోస్తుంటే పైన వంట. 1980లలో లారీ వినియార్‌స్కీ అనే అమెరికా ఇంజినీరు రూపొందించిన పద్ధతి ఇది. బరువెక్కువ, జీపు వెళ్లే చోటుకే.

"మూడు రాళ్ల పొయ్యి ఉండగా ఈ కొత్త వేషమేంటి?" అంటారు కొందరు. మన అమ్మమ్మలు నేర్పింది రాళ్లు పేర్చడం ఒక్కటే కాదు, పుల్లని ఎంచుకోవడం కూడా. విరిస్తే టక్కున విరగాలి, వంగితే పచ్చిదే. ఆ చదువు లేకపోతే ఎంత ఖరీదైన పొయ్యి అయినా పొగబెడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురునీ పుల్లల్నీ కూడా చేర్చింది. ఏరుకునే హక్కు మనదైనప్పుడు ఎంత ఏరాలో చెప్పాల్సిందీ మనమే. రాలిన ఎండు పుల్లలే వాడాలని, టూరిస్టులకి దుంగలు అమ్మకూడదని గ్రామసభల్లో అడుగుదాం.

జాగ్రత్తలు కూడా వినండి. టెంటు లోపల ఏ పొయ్యీ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎండాకులు ఊడ్చేసి రాయి మీద పెట్టండి. దిగేముందు నీళ్లు పోసి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా ఆర్పండి.

మీ ఊరి క్యాంపుల్లో ఏ పొయ్యి వాడుతున్నారు? దుంగల మీద ఏం కట్టుబాటు పెట్టుకున్నారు? కింద రాయండి, మాట్లాడుకుందాం.