బస్సు మాన్పించడం భద్రత కాదు

"రోజులు బాగాలేవు, అమ్మాయిని చదువు మాన్పించాం" అనే మాట సంఘసేవలో ఉన్న మాకు కొత్తది కాదు. పాతబస్తీ నుంచి రెండు బస్సులు మారి ఉస్మానియాకు వచ్చే పిల్ల, తార్నాకలో ఎవడో వెకిలిచేష్ట చేశాడని ఇంట్లో చెబితే శిక్ష ఆమెకే పడుతుంది. వాడు మర్నాడూ అదే బస్సెక్కుతాడు. అందుకే చాలామంది పిల్లలు నోరు విప్పరు. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య కోసం వెలసిన విశ్వవిద్యాలయానికి మన బిడ్డ దూరం కావడానికి కారణం మార్కులు కాక బస్సు ప్రయాణమైతే, దాన్ని తఖ్దీర్ అని సరిపెట్టుకోవడానికి మేము సిద్ధంగా లేము.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనము. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. 2024 మార్చిలో టీ-సేఫ్ వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేకున్నా 100కు ఫోన్ చేసి 8 నొక్కితే చాలు, గమ్యం చేరేవరకూ పోలీసులు ప్రయాణాన్ని గమనిస్తారని అప్పుడు ప్రకటించారు. అమ్మ చేతిలోని కీప్యాడ్ ఫోన్ కూడా పనికొస్తుందన్నమాట. ఈ సంగతి మన బస్తీల్లో ఎందరికి తెలుసు? ఆవిష్కరణ రోజున ఫొటోలు పడతాయి. తరువాత ఇంటింటికీ చేర్చేదెవరు? సర్కారు కొలువులో ఫైళ్లు మోసి రిటైరైన వాళ్లం, సర్క్యులరుకూ అమలుకూ నడుమ ఉన్న దూరం మాకు తెలియనిది కాదు.

2019 జనవరి 1 నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాల్లో అత్యవసర మీట, వాహనం జాడ తెలిపే పరికరం ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. అందులోంచి ఆటోలను మినహాయించారు! 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, మంచిదే. బస్సు రానప్పుడు పిల్ల ఎక్కేది షేర్ ఆటోనే కదా.

ఫోనంటే మన ఆడపిల్లలకున్న భయమూ ఊరికే పుట్టలేదు. 2021లో సుల్లీ డీల్స్, 2022 తొలిరోజున బుల్లీ బాయి పేరిట ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి "వేలం" అని అవమానించింది ఈ సాంకేతికతతోనే. కాబట్టి ప్రయాణ సమాచారం ఎవరి చేతిలో, ఎన్నాళ్లు ఉంటుందని అడగడం మన హక్కు. ప్రయాణం ముగిశాక దాన్ని చెరిపివేస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. ఈ ప్రశ్న మన ఇళ్లకూ వర్తిస్తుంది. లొకేషన్ షేరింగ్‌ను క్షేమం కోసం కాక కాపలా కోసం వాడే తండ్రులున్నారు. లైబ్రరీలో అరగంట ఆలస్యమైతే పది కాల్స్! అలాంటి ఇంటి పిల్ల ఆపదలో అబ్బాకు ఫోన్ చేయదు.

మేము అడిగేది కోట్ల ఖర్చు పని కాదు. లైబ్రరీ మూసేవేళకు ఆర్ట్స్ కళాశాల నుంచి తార్నాక మెట్రో స్టేషనుకు బస్సు నడపాలి, ఆ దారంతా దీపాలు వెలగాలి. బస్‌స్టాపుల్లో 100, 8 అంకెలు తెలుగులో, ఉర్దూలో పెద్దగా రాయించాలి. మసీదు కమిటీలు జుమా తరువాత ఐదు నిమిషాలు ఈ విషయం చెప్పాలి. ముందు ద్వారం వైపు, ఆడవాళ్ల మధ్యకు ఎందుకు తోసుకుపోకూడదో అక్కడున్న మగపిల్లలకూ అప్పుడే చెప్పాలి.