పెళ్లి ఇటలీలో.. నమోదు ఎక్కడ?

* విదేశీ వివాహాలపై పెరుగుతున్న మోజు
* చట్టం, వీసాలపై కొరవడిన అవగాహన

భీమవరం: ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు వేసి పెళ్లి చేయాలన్నది తెలుగింటి తల్లిదండ్రుల కల. ఆ పందిరి ఇప్పుడు సముద్రాలు దాటుతోంది. 2017 డిసెంబరులో విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ ఇటలీలోని టస్కనీలో, 2018 నవంబరులో దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ కోమో సరస్సు తీరంలో ఒక్కటయ్యారు. మొగల్తూరు మూలాలున్న కొణిదెల కుటుంబానికి చెందిన వరుణ్ తేజ్ 2023 నవంబరు 1న లావణ్య త్రిపాఠిని టస్కనీలోనే వివాహమాడారు. దీంతో అమెరికాలో పిల్లలున్న గోదావరి జిల్లాల కుటుంబాల్లోనూ ఇటలీ ప్రస్తావన వినిపిస్తోంది. అయితే ఫొటోల్లో కనిపించని చిక్కులు అనేకం.

సప్తపది ఒక్కటే చాలదు

మన పురోహితుడు హోమం, సప్తపది జరిపించినంత మాత్రాన ఇటలీ ప్రభుత్వ రికార్డుల్లో ఆ వివాహం నమోదు కాదు. అక్కడి చట్టప్రకారం పెళ్లాడాలంటే వివాహానికి అభ్యంతరం లేదని తెలిపే ‘నుల్లా ఓస్తా’ పత్రం సహా పలు ధ్రువపత్రాలు సమర్పించాలి. భారత రాయబార కార్యాలయంలో 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద చేసుకోవాలన్నా ముందుగా నోటీసు తప్పనిసరి. వధూవరుల్లో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు అక్కడ నివసించి ఉండాలి. నాలుగు రోజుల కోసం వెళ్లేవారికి ఇది సాధ్యం కాదు.

అందువల్ల స్వదేశంలోనే ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా నమోదు చేసుకోవడం సులువైన మార్గం. దీనికీ 30 రోజుల నోటీసు గడువుంది. వరుడు అమెరికాలో ఉద్యోగి అయితే వధువు హెచ్-4 వీసాకు వివాహ ధ్రువపత్రమే ఆధారం. వేదిక ఖర్చుకు లక్షలు వెచ్చించి ఈ పత్రాన్ని మరిస్తే కొత్త జంట నెలల తరబడి వేర్వేరు దేశాల్లో గడపాల్సి వస్తుంది.

వీసాల గండం

ఇటలీకి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం వెలువడినా, కొన్ని సందర్భాల్లో 45 రోజుల వరకు పట్టవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమ్మమ్మ, తాతయ్య మొదలు పురోహితుడి వరకు అందరికీ ఇదే నిబంధన. ఒక్కరి దరఖాస్తు తిరస్కరణకు గురైనా పీటల మీద కూర్చోవాల్సిన పెద్ద దిక్కే ఉండకపోవచ్చు.

అమెరికా నుంచి నేరుగా వచ్చే వరుడికి మరో చిక్కు. పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా గడువు తీరితే తిరుగు ప్రయాణానికి మళ్లీ స్టాంపింగ్ అవసరం. సొంత దేశంలో లేదా నివాస దేశంలోనే దరఖాస్తు చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 సెప్టెంబరులో సూచించింది. అంటే ఇటలీలో ఆ పని అవుతుందన్న భరోసా లేదు.

ముహూర్తానికీ లెక్క మారుతుంది

ఇటలీ సమయం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. లగ్నం ప్రదేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడి పంచాంగంలోని ముహూర్తం అక్కడ యథాతథంగా చెల్లదు. పురాతన భవనాల్లో హోమాగ్నికి యాజమాన్యం అనుమతి ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. వెంట తీసుకెళ్లే నగలకు విమానాశ్రయంలో కస్టమ్స్ ఎగుమతి ధ్రువపత్రం పొందితే, తిరిగి వచ్చేటప్పుడు సుంకం వివాదం తలెత్తదు.

ఊరికి మిగిలేదేమిటి?

విదేశాల్లో పెళ్లిళ్లు అవసరమా అని ప్రధాని మోదీ 2023 నవంబరు 26న ‘మన్ కీ బాత్’లో ప్రశ్నించారు. ఆ ప్రశ్న పల్లెల్లో మరింత సూటిగా తగులుతుంది. ఇక్కడ ఒక పెళ్లి జరిగితే సన్నాయి మేళం, వంటవారు, పందిరి కూలీలు, కడియపులంక పూల రైతులు నాలుగు రూపాయలు చూస్తారు. వేదిక తరలిపోతే ఆ ఆదాయమూ తరలిపోతుంది. వీసా స్థోమత లేని బంధువు పిలుపు ఉన్నా రాలేడు.

ఎవరి పెళ్లి ఎక్కడ జరగాలన్నది వారి ఇష్టం. అయితే వేదికకు బయానా ఇచ్చే ముందే నమోదు, వీసాలు, పెద్దల ప్రయాణం చూసుకోవడం విజ్ఞత. విదేశీ సంబరం ముగిశాక సొంతూరిలో అందరికీ ఒక పూట భోజనం పెట్టే కుటుంబాలు ఆ లోటును కొంతైనా పూడ్చగలవు.